మార్తమ్మ గారి నాలుగో ప్రశ్న

మొన్న విజయనగరంలో పలాస పాసింజరు ఎక్కాను. నెల్లిమర్ల దాటాక కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ సంచిలోంచి ఫోను తీసి చెవికి దగ్గరగా పెట్టుకుంది. అందులోంచి వేడి నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టు చప్పుడు. ఎదుటి సీటాయన ఉండబట్టలేక, "ఏటమ్మా, పోను పాడైపోనాదా?" అని అడిగాడు. "లేదండి, పేపరు వింటన్నాను" అని ఆవిడ నవ్వింది. అప్పుడు గానీ ఆయన ఆవిడ ఒళ్లో మడిచి పెట్టుకున్న తెల్లకర్రను చూడలేదు. ఆ చిటపటల్లో ప్రతి మాటా నాకు తెలుస్తోంది. తెలియడమే కాదు, ఒక్కో వాక్యం చివర ఆ గొంతు వెంట్రుకవాసి ఆగుతుందే, ఆ ఆగడం నేను పెట్టినదే.

అది తెర మీది తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు. చూపు లేనివాళ్ల కోసం, పైసా పుచ్చుకోకుండా, ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాస్తున్నది. నేనూ అందులో ఒక చెయ్యి వేస్తున్నాను. సరిగ్గా ఆ సమయానికి నా ఫోనులో ఒక ఫిర్యాదు సగం రాసి, పంపకుండా పడి ఉంది. ఈ మధ్య నేనే చేసిన ఒక మార్పులో తప్పు దొర్లింది. ముందురోజు పొద్దున్నే నాకు తెలిసింది. ఒక పగలూ ఒక రాత్రీ గడిచినా ఎవరికీ చెప్పలేదు. ఆ ఆవాల చప్పుడు వింటుంటే మార్తమ్మ గారు పక్క సీటులోంచి వంగి నా మొహంలోకి చెవి పెట్టినట్టే అనిపించింది.

నాకు భయం పుట్టుకతో వచ్చిన జబ్బు. బడిలో హాజరు పిలుస్తుంటే నా పేరు వచ్చేలోపు గొంతు ఎండిపోయేది. చీపురుపల్లి దగ్గర మాది వరీ, నువ్వులూ పండించుకునే ఇల్లు. "మా సుగుణ పిల్లి తుమ్మినా ఉలిక్కిపడతాది" అని మా నాన్న ఊరందరికీ చెప్పి నవ్వేవాడు. ఎచ్చెర్లలో ఎంసీఏ చదివాను. మార్కులకు కొదవ లేదు. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్తే నోరు పెగిలేది కాదు, అంతే. అలా అయిదు ఉద్యోగాలు చేజారాక విజయనగరంలో ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటరు పాఠాలు చెప్పే పనికి కుదిరి, మిషన్ కాంపౌండు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. చేతిలో ఇంటర్నెట్ డాంగిల్ ఉన్నవాళ్లే గొప్పవాళ్లుగా చెలామణీ అయిన రోజులు. ఆ పక్క వాటాలో ఉండేవారు మార్తమ్మ గారు.

దిగిన రెండో రోజు సాయంత్రం గోడ అవతల ఈ చప్పుడే. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. పాపం ఎవరిదో రేడియో చెడిపోయినట్టుంది, చెప్పి వద్దామని వెళ్లి తలుపు తట్టాను. పొట్టిగా, గట్టిగా ఉన్న మనిషి తలుపు తీశారు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. తెల్ల నూలు చీర, నున్నగా దువ్వి వేసిన ముడి. చేతి వాచీ అద్దం పైకి లేపి ముళ్లను వేలితో తడిమి, "ఆరున్నర. ఇప్పుడొచ్చీ మడిసి నాకెవలూ నేరే! కొత్తగా దిగిన గుంటవా?" అన్నారు. ఆవిడకు చూపు లేదని అప్పుడు తెలిసింది నాకు. తెలిశాక ఇంకా కంగారు పడిపోయి, "రేడియో బాగు చెయ్యాలా అండీ?" అనేశాను.

ఆవిడ నవ్వారు. ఎంత గట్టిగా నవ్వారంటే సందు చివర కుక్క మొరిగింది. "ఓలమ్మో! రేడియో అట! ఇది నాను సదూకునే గొంతే పిల్లా. రా, కూకో." లోపల బల్ల మీద కంప్యూటరు. తెర నల్లగా ఉంది, ఆపేసి ఉంది. ఆవిడ వేళ్లు కీబోర్డు మీద ఏదో చేశాయి, చిటపటలు నెమ్మదించాయి, ఇంకా నెమ్మదించాయి. చివరికి అందులోంచి ఆ రోజు పేపరులోని వార్త, స్పష్టమైన తెలుగులో బయటికొచ్చింది. "నీకింత నెమ్మదిగా సదవాల. నాకైతే నిద్దరొచ్చేస్తాది" అన్నారు.

దీన్ని ఎవరు చేశారని అడిగాను. "ఎవలికీ జీతం నేదు. రాయడం వచ్చినోలు రాస్తారు, ఏ ఊరోలో, ఏ దేశపోలో. నాకు ఆ రాత రాదు గదా, నాను తప్పులు పడతాను. నానెట్టిన పిరియాదులు నూటికి పైనే ఉన్నాయి తెలుసా!" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి, పతకాలు చూపిస్తున్నట్టు ఉంది. ఫిర్యాదుకు ఆవిడకొక పద్ధతి ఉండేది. ఏదైనా తప్పు వినపడితే అదే పని మూడుసార్లు చేసి, మూడుసార్లూ తప్పితేనే రాసేవారు. రాసేది మూడే ముక్కలు: నేను ఏం చేశాను, ఏం వినపడింది, ఏం వినపడాలి. అంతకు మించి ఒక్క మాట రాసేవారు కాదు. తిట్లు ఉండేవి గానీ అవి గోడకు మాత్రమే వినపడేవి.

అలా మొదలై, రోజూ సాయంత్రం అక్కడే టీ. వారం తిరక్కుండానే గారు పోయి అక్క వచ్చింది. ఆవిడ నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి మొట్టమొదట చెప్పిన పాఠం ఒకటే. "ఆ మోనీటరు ఆపీ."

"ఆపేస్తే ఎలా కనపడుతుందక్కా?"

"కనపడకూడదనే గదే! కన్ను తెరిసుంటే సెవి పన్జెయ్యదు. నీకు తెర మీద అచ్చరం కనపడతాది, గొంతు పలకపోయినా పలికినట్టే ఇనపడిపోతాది. మీ సూపున్నోల జబ్బే అది." నేను తెర ఆపి కూర్చుంటే మొదటి గంట కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఫైలు నేనే వెతుక్కోలేకపోయాను. ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "తొందరేటీ నేదు, నాకు నలభై ఏళ్లు పట్టినాది" అని ఎగతాళి చేశారు.

నేను రాసిన మొదటి మార్పు ఆవిడ పాత ఫిర్యాదే. ఆ గొంతు పది అంకెల ఫోను నంబరును కోట్లూ లక్షలూ వేసి చదివేది. మార్తమ్మ గారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోను ఆపరేటరు. "నంబరు కోట్లల్లో సెప్తే నాను నొక్కీదేటే?" అని ఆవిడ గోల. నంబరును అంకె అంకెగా చదివించే ముక్క రాయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. పంపడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ప్రాజెక్టులో ఎవరేం రాసినా పేరుతో సహా చరిత్రలో నిలిచిపోతుంది, తర్వాత చెరపడానికి లేదు. లోకంలో ఎవరైనా ఎప్పుడైనా తెరిచి, ఈ చెత్త రాసిన సుగుణ ఎవరు అని చూడొచ్చు. రోజూ పొద్దున గోడ అవతల నుంచి "పంపేవా?" అని కేక. "ఇంకొక్కసారి చూసి పంపుతానక్కా" అని నేను. పన్నెండో రోజు ఆవిడ వచ్చి నా పక్కన నిలబడి, "అంతా అయిపోనాదా? ఏ మీట నొక్కితే ఎల్తాది? ఇదేనా?" అని తడిమి, టక్కున నొక్కేశారు. నేను కుర్చీలోంచి ఇంతెత్తు ఎగిరాను.

మూడో రోజు జవాబు వచ్చింది. ఆ ప్రాజెక్టును చూసుకునే పెద్దమనిషి ఏ దేశంలో ఉంటాడో కూడా నాకు తెలియదు. బాగుంది, రెండు వరసలు మార్చి పంపండి, చేర్చుకుంటాను అని రాశాడు. నాకు మొదటి మాట కనపడలేదు. మార్చమన్నది ఒక్కటే కనపడి బావురుమన్నాను. మార్తమ్మ గారు ఆ జవాబును తన కంప్యూటరు గొంతుతో రెండుసార్లు చదివించుకుని విని, "ఏడుపెందుకే? రెండు వరసలు మార్సమన్నాడు గానీ నిన్ను మార్సమన్నేదు గదా!" అన్నారు. మార్చి పంపాను. చేర్చుకున్నాడు. మర్నాడు ఆవిడ ఆఫీసు నుంచి వస్తూ పావుకేజీ మైసూర్ పాకు తెచ్చి, "ఇయాల మా సూపరింటెండు గారి నంబరు అంకెలుగా సదివినాది" అని నా నోట్లో కుక్కారు. ఆయనెవరో నాకు తెలియదు. అయినా ఎవరికో నా వల్ల ఒక పని జరిగిందని జన్మలో మొదటిసారి అనిపించింది.

ఇప్పుడు ఆవిడ పరీక్ష సంగతి చెప్పాలి. ఒకసారి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. మెట్ల కింద చిన్న గదిలో స్విచ్ బోర్డు, దాని ముందు ఆవిడ. ఫోను ఎత్తి అవతలివాళ్లు గొంతు సవరించుకుంటేనే ఎవరో చెప్పేసేవారు. జిల్లాలో ఏ ఆఫీసు నంబరు అడిగినా నోట్లోనే ఉండేది. కానీ అందరి జేబుల్లోనూ సెల్లులు వచ్చేశాయి. రోజుకు పది కాల్స్ కూడా ఉండటం లేదు. బోర్డు తీసేస్తారని అప్పటికే మాట. శాఖ పెట్టే పరీక్ష నెగ్గితే సెక్షనులో గుమస్తా సీటు వస్తుంది, లేకపోతే జీతం తీసుకుంటూ ఖాళీ కుర్చీలో కూర్చోవడమే. యాభై దాటితే ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆవిడకు నలభై తొమ్మిది నడుస్తోంది. అంతకుముందు రెండుసార్లు, చదివి రాసిపెట్టే మనిషిని ఇచ్చారు. ఒకాయన ఆవలిస్తూ సగం ప్రశ్న మింగేశాడట, ఇంకొకాయన ఆవిడ చెప్పినది కాక తనకు తోచినది పెట్టాడట. "నా పరీచ్చ నాను రాసుకుంటాను, కంప్యూటర్లో ఇని రాస్తాను" అని రెండేళ్లు అర్జీలు పెట్టి పెట్టి ఆవిడ అనుమతి తెచ్చుకున్నారు. ఎచ్చెర్ల దాటాక ఒక కాలేజీలో కేంద్రం. అక్కడి కంప్యూటరులో మన గొంతే, సరికొత్త రకం దింపి పెడతామని ఉత్తరం వచ్చింది. ఇంట్లో మాత్రం ఆవిడ పాతదే ఉంచుకున్నారు. "పరీచ్చ అయ్యీదాక కొత్త సెప్పులు తొడగను" అన్నారు.

నేను చేసిన పాపం ఆ పరీక్షకు రెండు నెలల ముందు మొదలైంది. నాలుగైదు మార్పులు చేర్చుకునేసరికి నాకు కాస్త పొగరెక్కింది. ఆ గొంతు గుక్క తిప్పుకోకుండా ఇసుక పోసినట్టు చదివేస్తుంది, మనిషి ఎక్కడైనా అలా చదువుతాడా అని నాకు తోచింది. వాక్యం చివర చిన్న విరామం, మనిషి ఊపిరి తీసుకున్నట్టు, చేర్చాను. నా లాప్‌టాప్‌లో వింటే ఎంత ముద్దుగా ఉందో! నాకు నచ్చిన వేగంలోనే విన్నాను, ఎదురుగా తెర మీద అక్షరాలు చూసుకుంటూ విన్నాను. పంపబోతున్నానని చెప్పినప్పుడు మార్తమ్మ గారు అన్నం వండుకుంటున్నారు. పొయ్యి దగ్గర నుంచే, "మోనీటరు ఆపి సూసేవా?" అని అడిగారు.

"ఆపేనక్కా" అన్నాను.

ఎందుకు అబద్ధం ఆడానో ఇప్పటికీ చెప్పలేను. మళ్లీ మొదటి నుంచీ చూడటానికి బద్ధకం, అంతే. మరీ పెద్ద అబద్ధంగా కూడా అనిపించలేదు. మార్పు చేర్చుకున్నారు, కొత్త రకంలో వచ్చేసింది, గొంతు తియ్యగా ఉందని ఇద్దరు ముగ్గురు మెచ్చుకుంటూ రాశారు కూడా. వాళ్లూ నాలాగే చూపున్నవాళ్లని నాకు తర్వాత తెలిసింది.

పరీక్ష ఆదివారం. ముందు గురువారం సాయంత్రం ప్రాజెక్టులోకి ఒక ఫిర్యాదు వచ్చింది. ఎవరో విద్యార్థి రాశాడు: వేగం బాగా పెంచితే వాక్యంలో చివరి మాట వినపడటం లేదు. మానిటరు ఆపాను. మార్తమ్మ గారి వేగానికి పెంచాను. నిజమే. ఆ వేగంలో నా విరామానికి చోటు చాలక, అది తన ముందున్న మాటను తోసేస్తోంది. పరీక్షలో ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులుంటాయి. నాలుగింటిలో తేడా సాధారణంగా చివరి మాటలోనే ఉంటుంది. అంటే ఆవిడకు నాలుగూ ఒకేలా వినపడతాయి. గోడ అవతల ఆవిడ పాత గొంతుతో చక్కగా పాఠం వల్లె వేసుకుంటున్నారు, నాకు వినపడుతూనే ఉంది.

శుక్రవారం తెల్లారేసరికి, ఆ విరామాన్ని తీసేస్తూ సవరణ రాసి పంపేశాను. వాళ్లు వెంటనే చేర్చుకుంటారు, కొత్తది విడుదల చేస్తారు, కేంద్రంవాళ్లు దాన్నే దింపుకుంటారు, ఎవరికీ ఏమీ తెలియకుండా గండం గడిచిపోతుంది. ఇదీ నా లెక్క. పది నిమిషాలకోసారి జవాబు వచ్చిందేమోనని చూశాను. రాలేదు. శిక్షణ కేంద్రంలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను, పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సాయంత్రం టీ దగ్గర మార్తమ్మ గారు, "గొంతు ఏటి అలగున్నాది నీది? జొరమా?" అని నా నుదుటి మీద చెయ్యి వేశారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. "ఏటీ లేదక్కా, ఎండ" అన్నాను. శనివారం రెండో శనివారం, ఆఫీసులకు సెలవు. ఆ రోజూ జవాబు రాలేదు. ఆ రోజంతా నేను తలనొప్పని తలుపేసుకుని పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం బస్సు ఎక్కాం. తోడు వస్తానని నేను ముందే మాటిచ్చి ఉన్నాను. ఆవిడ ఇస్త్రీ చేసిన చీర కట్టుకున్నారు, చేతిలో జేబురుమాలు, హాల్ టికెట్ ఉన్న సంచి. "బుద్ధెరిగాక ఆదారం పూట గుడి మానేయడం ఇదే మొదలు. పాస్టరు గారు ప్రార్దనలో నా పేరు సెప్తానన్నారు" అని నవ్వుతున్నారు. రణస్థలం దాటింది. ఇంక ఆగలేకపోయాను. "అక్కా, ఒక మాట" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. విరామం సంగతి, చివరి మాట సంగతి, మానిటరు ఆపానని ఆడిన అబద్ధం సంగతి. పాత రకాన్ని పెన్‌డ్రైవులో తెచ్చానని కూడా చెప్పాను.

ఆవిడ రుమాలు మడతపెట్టడం ఆపేశారు. ఆ తర్వాత అడిగింది ఒకే ఒకటి. "ఎప్పుడు తెలిసినాది నీకు?"

"గురువారం సాయంత్రమక్కా."

"గురువారం" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "సుక్కురారం పదిన్నరకి పరీచ్చల ఆపీసరు సీట్లో ఉంటాడు. ఆల నంబరు నా నోట్లోనే ఉన్నాది. ఒక్క పోను సేసి, బాబూ పాతదే ఎట్టించండి అందును. ఎట్టించీవోరు." రుమాలు సంచిలో పెట్టేసి, "పోను సెయ్యడమే గదే నా పని!" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నాకు ఆ బస్సులోంచి దూకేయాలనిపించింది.

కేంద్రంలో పెద్దాయన మంచివాడే. మేము చెప్పినదంతా విన్నాడు, కానీ బయటి పెన్‌డ్రైవు పెట్టడానికి నిబంధన ఒప్పుకోదమ్మా అన్నాడు. ఎవరికైనా ఫోను చేద్దామంటే ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. మార్తమ్మ గారు నా వైపు తిరిగి, "ఏ ఏగం దాటితే మింగుతంది?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ రోజూ వినే వేగంలో అది సగం కూడా లేదు. తలూపి, లోపలికి తీసుకెళ్లే ఆయన మోచెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. వెనక్కి తిరగలేదు.

నేను సైకిల్ స్టాండు రేకుల కింద మూడు గంటలు కూర్చున్నాను. ఇప్పుడు పదో ప్రశ్న అయి ఉంటుంది, మామూలుగా అయితే ఇరవై అయ్యేవి, అని గడియారం చూసుకుంటూ నన్ను నేనే కోసుకున్నాను. ఏ దేవుడికి మొక్కాలో తెలియక మా ఊరి అమ్మవారికీ, ఆవిడ ప్రభువుకీ ఇద్దరికీ మొక్కాను. గంట కొట్టాక ఆవిడ బయటికి వచ్చారు. ఎదురెళ్లి, "అయిపోయిందా అక్కా?" అన్నాను.

"టైమైపోనాది. పరీచ్చ అవనేదు" అన్నారు. మూడో వంతు ప్రశ్నలు వినకుండానే మిగిలిపోయాయి.

ఇంటికి చేరాక ఆవిడ చీర కూడా మార్చుకోలేదు. కంప్యూటరు పెట్టి, "కూకో. పిరియాదు రాయాల" అన్నారు. నేను వెళ్లి రాసుకుంటానక్కా అంటే వినలేదు. "నాను సెప్తాను, నువ్వు కొట్టు." మొదటి మూడు ముక్కలూ ఎప్పటిలాగే చెప్పారు: ఏం చేశాను, ఏం వినపడింది, ఏం వినపడాలి. నేను పంపబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఇంకోటున్నాది. ఎప్పుడు తెలిసింది, అని రాయి. దానికి ఎదర జవాబు రాయి."

"గురువారం సాయంత్రం" అని కొట్టాను. రెండుసార్లు తప్పు పడి మళ్లీ కొట్టాను.

"ఎవలికి తెలిసినాదో రాయి. ఎవలికి ఎప్పుడు సెప్పినాదో కూడా రాయి."

అన్నీ రాశాను. నా పేరు, ఆదివారం, మానిటరు ఆపకుండానే ఆపానన్నది. ఏడుస్తూనే రాశాను. ఈసారి ఆవిడ మీట నొక్కలేదు. "నువ్వే నొక్కు" అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నొక్కాను.

మర్నాటికి ప్రాజెక్టు పెద్దమనిషి జవాబు వచ్చింది. ప్రయాణంలో ఉండి చూసుకోలేదని, సవరణ చేర్చానని, వేగంలో విని చూడకుండా ఒప్పుకున్న తప్పు మా అందరిదీ అని రాశాడు. "అందరిదీ అంటే ఇనడానికి బాగానే ఉంటాది" అన్నారు మార్తమ్మ గారు పెదవి విరిచి. చివర అతను ఒకటి అడిగాడు. మీ ఫిర్యాదులో నాలుగో ప్రశ్న మాకు ఎప్పుడూ తట్టలేదు, ఫిర్యాదు పత్రంలో అందరికీ పెట్టుకోవచ్చా? ఆవిడ అది మళ్లీ చదివించుకున్నారు. "ఎట్టుకోమను" అన్నారు.

ఆవిడకు నాలుగు మార్కుల తేడాతో పరీక్ష పోయింది. తర్వాతి పరీక్ష పెట్టేసరికి యాభై దాటేశాయి. బోర్డు పీకేశారు. పదవీ విరమణ దాకా ఆవిడ కిటికీ పక్కన ఖాళీ బల్ల ముందు కూర్చున్నారు. పొద్దున్నే తయారై వెళ్లేవారు, సాయంత్రం వచ్చి, "ఇయాల్టికి జీతం ఇచ్చినారు, పని ఇయ్యనేదు" అనేవారు. ఒక్కనాడూ దానికి నా పేరు జత చెయ్యలేదు. అది నాకు మరీ నరకంగా ఉండేది. ఫలితాలు వచ్చిన వారం, ఇంక ఆ ప్రాజెక్టు జోలికి పోనక్కా, నాకు చేతకాదు అని చెప్పాను. అప్పుడు మాత్రం ఆవిడకు నిజంగా కోపం వచ్చింది. "నీ మీద కోపం నాకు బోలెడున్నాది సుగుణా. నేదంటే అబద్దం. అది ఉంటాది, ఉండనీ. నువ్వు మానేస్తే నాకేటి వస్తాది? నా పరీచ్చ తిరిగొస్తాదా? ఆ విరామం సరిగ్గా కుదిరీదాక నాకు ఇనిపించు. మోనీటరు ఆపి."

విరామం కుదరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆవిడ వేగంలో, ఆవిడ ముందు, తెర ఆపి, రోజూ. ఒకనాడు మూడుసార్లు విని, "ఊఁ, ఊపిరి తీస్తంది. ఏటీ మింగట్లేదు" అన్నారు. మెచ్చుకోలు అంతే. ఆ గది ఖాళీ చేసి వచ్చేశాక కూడా నెలకు రెండు మూడు ఫిర్యాదులు ఆవిడ నుంచి వచ్చేవి. ఆవిడ పోయి రెండేళ్లయింది. మంచాన పడ్డ వారంలో పంపిన చివరి ఫిర్యాదు సెలవు రోజుల పట్టిక చదవడం గురించి. ఎప్పుడు తెలిసింది అన్న గడిలో "ఇప్పుడే" అని ఉంది.

ఇప్పుడు ఆ ప్రాజెక్టులో ఎవరు ఏ దేశం నుంచి ఫిర్యాదు పెట్టినా నాలుగు గడులు నింపాలి. నాలుగోది ఎందుకుందో చాలామందికి తెలియదు. కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు విసుక్కుంటారు, దీని అవసరం ఏమిటని అడుగుతారు. దాన్ని తీసేద్దామన్న మాట వచ్చినప్పుడల్లా నేను అడ్డం పడతాను. కారణం మాత్రం ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడే చెబుతున్నాను.

పాసింజరు గరివిడి దాటింది. కిటికీ పక్కన ఆవిడ ఇంకా పేపరు వింటూనే ఉంది. నేను కళ్లు మూసుకుని రెండు మూడు వాక్యాలు చివరిదాకా విన్నాను. ఏ మాటా పోలేదు. ఫోను తీసి, సగంలో వదిలేసిన ఫిర్యాదు తెరిచాను. ఏం చేశాను, నింపి ఉంది. ఏం వినపడింది, నింపి ఉంది. ఏం వినపడాలి, అదీ ఉంది. నాలుగో గడి దగ్గరే నిన్నటి నుంచి నా వేలు ఆగిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా బడిలో హాజరు పిలుస్తున్నట్టే ఉంది. "నిన్న ఉదయం" అని కొట్టాను. కింద ఎవరూ అడగని ఇంకో ముక్క చేర్చాను: "భయపడి ఒక రోజు దాచాను." చీపురుపల్లి ప్లాట్‌ఫారం రాకముందే, నేనే నొక్కాను.